మెరిసే రాయిని తవ్వేదెవరు?

ఫాంటసీ కథలంటే నాకు ప్రాణం. ఆన్‌లైన్‌లో వచ్చే తెలుగు సీరియళ్లు, ఇంగ్లీషు నవలలు, వీడియో గేములు, ఏదీ వదలను. వీటిలో పదే పదే ఎదురయ్యేది మాయ ఖనిజం. ఒక రాజ్యం ఉంటుంది. దాని కొండల కింద నీలంగానో ఆకుపచ్చగానో మెరిసే రాయి దొరుకుతుంది. ఆ రాయి బలంతో ఓడలు గాల్లో ఎగురుతాయి, కొలుములు ఆరకుండా మండుతాయి, రాజధాని అర్ధరాత్రి కూడా పట్టపగల్లా వెలుగుతుంది. పక్క రాజ్యం కన్ను దాని మీద పడుతుంది, యుద్ధం మొదలవుతుంది. వందల పేజీలు గడిచినా ఆ రాయిని కొండలోంచి బయటికి తెచ్చిన మనిషి మాత్రం కనబడడు. రాజు ఉంటాడు, మాంత్రికుడు ఉంటాడు, వర్తకుడూ దొంగా ఉంటారు. తవ్వేవాడు ఉండడు.

ఇది చిన్న లోపమేమీ కాదు. ఒక పారిశ్రామిక ప్రపంచాన్నంతా నడిపే ఖనిజాన్ని ఊహించి, గనిని మాత్రం వదిలేస్తే, ఆ రచయిత కథకు కావాల్సిన అసలు సరుకును చేజేతులా పారేసుకున్నట్టే. ఆ రాయికి మహిమ ఉందనుకుంటే, అందులో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న మనుషుల నుంచి వచ్చేదే.

నేను బొగ్గు గనుల ఊళ్లో పుట్టి పెరిగాను. మా నాన్న టింబర్‌మన్. బాయిలో, అంటే గనిలో, బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. కప్పు గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడానికి కర్రతో తట్టి చప్పుడు వింటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా, బరువుగా పలుకుతుంది. ఆ తేడా చెవికి పట్టడానికి ఏళ్లు పడుతుందని నాన్న చెప్పేవాడు. ఇంట్లో కొత్తగా కట్టిన గోడనైనా ఒకసారి వేలి కణుపులతో తట్టి, చెవి ఒగ్గి విన్నాకే పక్కన మంచం వేసేవాడు. మాయ ఖనిజం ఉన్న ఏ కథ చదివినా ముందు నాకు వచ్చే ప్రశ్న ఒకటే: ఈ లోకంలో కప్పు తట్టేవాడు ఎవరు?

మన దగ్గర ఈ రకం కథల్లో అందరికీ తెలిసింది శమంతకమణి కథ. ఏటా వినాయక చవితికి అక్షింతలు చేతిలో పట్టుకుని వింటాం. సూర్యుడు సత్రాజిత్తుకిచ్చిన మణి అది, రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. అంతకుమించిన పరిశ్రమ ఏముంటుంది? గని లేదు, కూలి లేదు, పొగ లేదు. అయినా ఆ కథ ఎంత తెలివైనదో చూడండి. శ్రీకృష్ణుడు మణిని అడిగాడు, భాగవతంలోనైతే రాజైన ఉగ్రసేనుడి కోసమే అడిగాడు. సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. దేశానికంతా పనికొచ్చే సంపద రాజ్యానిదా, దొరికినవాడిదా అనే తగాదాతోనే కథ మొదలవుతుంది. ప్రసేనుడు దాన్ని మెడలో వేసుకుని వేటకు వెళ్లి సింహం చేతిలో చచ్చాడు. కృష్ణుడి మీద నీలాపనింద పడింది. ఆ తర్వాత శతధన్వుడు నిద్రలో ఉన్న సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకుపోయాడు. చేతులు మారిన ప్రతిసారీ మనుషుల మధ్య ఏం చెడిందో చెప్పుకుంటూ పోతుంది కథ.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం జాంబవంతుడి గుహ. సింహాన్ని చంపి మణిని తెచ్చిన ఆ భల్లూకరాజు దాన్ని ఉయ్యాలకు ఆటవస్తువుగా కట్టాడు. రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇచ్చే మణి, బంగారంతో పనిలేని చోట పిల్లల్ని ఊరుకోబెట్టే రంగురాయి అయిపోయింది. అది వెతుక్కుంటూ మనిషి గుహలో అడుగుపెట్టాకే యుద్ధం వచ్చింది, ఇరవై ఎనిమిది రోజులు సాగింది. పరిశ్రమను నడిపే ఖనిజం గురించి రాసేవాళ్లు ముందు పట్టుకోవాల్సింది ఇక్కడే. రాయి ఎప్పుడూ ఒకటే, దాని విలువ మాత్రం ఎవరి గుహలో ఉందన్న దాన్ని బట్టి మారుతుంది.

ఇదంతా పురాణం అనుకునేవాళ్లకు నేను చూపించే ఊరు యాహిమోవ్. ఇప్పటి చెక్ దేశంలో, జర్మనీ సరిహద్దు కొండల్లో ఉంది. పాత జర్మన్ పేరు యోఆఖిమ్‌స్టాల్. 1516లో వెండి కోసం పుట్టిన ఊరు అది. కొన్నేళ్లలోనే ఆ కొండల మీదికి వేలకు వేల జనం వచ్చి పడ్డారు, అక్కడి వెండి నాణేలు యూరప్ అంతా తిరిగాయి. వెండి కోసం తవ్వుతుంటే నల్లటి, బరువైన రాయి ఒకటి అడ్డం పడేది. దేనికీ పనికిరాదని కుప్పలుగా పారబోశారు.

1789లో మార్టిన్ క్లాప్రోత్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆ జాతి రాయిలో కొత్త మూలకం ఉందని కనిపెట్టి యురేనియం అని పేరు పెట్టాడు. దానితో ఏం చేయాలో మాత్రం అప్పుడు ఎవరికీ తెలియదు. పంతొమ్మిదో శతాబ్దంలో గాజుకు, పింగాణీకి పసుపు, ఆకుపచ్చ రంగులు అద్దడానికి పనికొచ్చింది. పారేసిన రాయికి ధర వచ్చింది. యురేనియం తీశాక మిగిలిన గోధుమరంగు పొడిని మళ్లీ తీసుకెళ్లి పైన్ చెట్ల అడవిలో పోశారు.

మేరీ క్యూరీ అడిగింది ఆ పొడినే. 1898లో ఆమె, భర్త పియెర్ కలిసి పొలోనియాన్ని, రేడియాన్ని కనిపెట్టారు. కానీ రేడియాన్ని చేత్తో పట్టి చూపించాలంటే టన్నుల కొద్దీ ముడిసరుకు కావాలి. యాహిమోవ్ నుంచి ప్యారిస్‌కు గోనెసంచుల్లో వచ్చిన ఆ పొడిలో పైన్ ఆకులు కలిసి ఉన్నాయి. కప్పు కారే షెడ్డులో, దాదాపు తనంత పొడుగున్న ఇనప కడ్డీతో ఆమె మరిగే గుజ్జును రోజుల తరబడి కలిపింది. 1902 నాటికి చేతికొచ్చింది గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడ్. రాత్రిపూట షెడ్డుకు వెళ్తే గాజు గొట్టాలు చీకట్లో వాటంతటవే వెలుగుతూ కనిపించేవి.

ఏ ఫాంటసీ రచయితా దీనికంటే మాయ ఖనిజాన్ని ఊహించలేదు. నిప్పు లేకుండా వెలుగుతుంది, దాని వేడి కళ్లముందు తగ్గేది కాదు. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి ఒక్క గ్రాము రేడియం కొనిచ్చారు. ధర లక్ష డాలర్లు. క్రీములు, టానిక్కులు, నీళ్ల సీసాలు, అన్నిటిలో రేడియం ఉందంటూ అమ్మారు. యాహిమోవ్‌లో గని నీటితో స్నానాల వైద్యం మొదలైంది.

ఇక గడియారాల కార్ఖానా సంగతి. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో అమ్మాయిలు గడియారం అంకెల మీద రేడియం రంగు పూసేవాళ్లు. అంకె సన్నగా రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. అందుకని కుంచెను పెదాల మధ్య పెట్టి మొన తీయడం, రంగులో ముంచడం, అంకె దిద్దడం, మళ్లీ పెదాల మధ్య పెట్టడం. రోజంతా ఇదే పని. రంగు ప్రమాదం లేనిదని వాళ్లకు చెప్పారు. సరదాకి గోళ్లకూ పళ్లకూ పూసుకున్నవాళ్లు ఉన్నారు. పని దిగి ఇంటికి వెళ్తే చీకట్లో బట్టలు, జుట్టు మెరిసేవి. కొన్నేళ్లకు పళ్లు రాలిపోయాయి, దవడ ఎముకలు పుచ్చిపోయాయి. రేడియం శరీరంలో కాల్షియంలా చేరి ఎముకల్లో తిష్ఠ వేస్తుంది. 1927లో ఐదుగురు ఆడవాళ్లు కంపెనీ మీద కోర్టుకెక్కారు, మరుసటి ఏడాది కంపెనీ పరిహారానికి దిగొచ్చింది. పని వల్ల వచ్చే జబ్బుకు యజమానిదే బాధ్యత అనే చట్టాలు అమెరికాలో బలపడడానికి వాళ్ల పోరాటం దారి వేసింది.

ఇందులో ఏ మాంత్రికుడూ లేడు. ఒక కుంచె, పెదవులు, ఒక అబద్ధం. మాయ ఖనిజం మీద నేను చదివిన కల్పనల్లో ఇంత భయపెట్టేది ఒక్కటీ లేదు.

యాహిమోవ్ కథ అక్కడితో అయిపోలేదు. బాంబుకు యురేనియం కావాల్సి వచ్చేసరికి అదే కొండకు మూడోసారి, నాలుగోసారి విలువ మారింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వేలాది ఖైదీల చేత, వాళ్లలో చాలామంది రాజకీయ ఖైదీల చేత, అక్కడ యురేనియం తవ్వించి సోవియట్ యూనియన్‌కు పంపింది. ఒకే కొండ. వెండి, గాజు రంగు, మందు, బాంబు. ఒక తరం చెత్త అని పారబోసింది తర్వాతి తరానికి నిధి, ఆ తర్వాతి తరానికి జైలు. మన రచయితలు కల్పించే రాజ్యాల్లో ఖనిజానికి వెయ్యేళ్లయినా ఒకటే ఉపయోగం ఉంటుంది, తాత ఎగరేసిన ఓడనే మనవడూ ఎగరేస్తుంటాడు. తాత పారేసిన చిట్టెం కుప్ప మీద మనవడి శత్రువు కోట కట్టాడని ఒక్కరైనా రాస్తే ఎంత బాగుంటుంది!

ఆ ఊరి గురించి ఇంకొక్క మాట చెప్పాలి. 1527 నుంచి కొన్నేళ్లు అక్కడ వైద్యుడిగా పనిచేసినవాడు గియోర్గియస్ అగ్రికోలా. గనుల పని మీద ఆయన రాసిన లాటిన్ గ్రంథం 1556లో, ఆయన పోయిన మరుసటి ఏడాది అచ్చయింది. నీళ్లు తోడే యంత్రాలు, గాలి పంపే తిత్తులు, కొలుములు, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. గని దుమ్ము ఊపిరితిత్తుల్ని ఎలా తినేస్తుందో కూడా అందులోనే రాశాడు. కార్పాతియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు మొగుళ్లను ఈ జబ్బుకు పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారని రాశాడు. గనుల్లో తిరిగే మరుగుజ్జు భూతాల గురించి కూడా అంతే శ్రద్ధగా రాసినవాడు ఆయనే. పనివాళ్లు చూశామన్నారు, వైద్యుడు రాసుకున్నాడు. కొండ కింద సుత్తులతో తవ్వే మరుగుజ్జులు ఇవాళ్టి ఫాంటసీలో ఎక్కడ చూసినా కనిపిస్తారు. వాళ్లలో గని కార్మికులు చెప్పుకున్న కథల పాలు కూడా ఉంది. ఆ కథల్ని ఉంచుకుని, చెప్పినవాళ్లనూ వాళ్ల దగ్గునూ వదిలేసుకున్నాం. యాహిమోవ్ ఉన్న కొండల వరుసలో గని కార్మికులకు తరతరాలుగా వస్తున్న జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సరే అని 1879లో ఇద్దరు వైద్యులు తేల్చారు. దానికి ముఖ్య కారణం రాయిలోంచి ఊరే రేడాన్ వాయువని అర్థం కావడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది.

రేడియం పక్కన బొగ్గు చప్పగా అనిపించొచ్చు. నాకలా అనిపించదు. మా వైపు ఒక కథ చెప్పుకుంటారు: భద్రాచలం వెళ్లే యాత్రికులు యెల్లందు దగ్గర ఆగి, వంటకు నల్లరాళ్లను పొయ్యిగా పేర్చుకుంటే, కట్టెలతో పాటు రాళ్లూ మండాయట. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ అక్కడ బొగ్గుందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. కోట్ల ఏళ్ల కిందటి అడవులు దాచుకున్న ఎండ అది. మండే రాయిని మొదటిసారి చూసిన మనిషికి అంతకు మించిన మాయ ఏముంటుంది?

కల్పిత లోకాలు కట్టేవాళ్లకు బొగ్గు నేర్పే పాఠం ఒకటుంది, అది చాలామందికి తట్టదు. కొత్త ఇంధనంతో నడిచే యంత్రం ముందు ఆ ఇంధనాన్ని తవ్వడానికే పుట్టొచ్చు. 1712లో ఇంగ్లండ్‌లో డడ్లీ దగ్గర థామస్ న్యూకమెన్ ఆవిరి యంత్రాన్ని పెట్టింది బొగ్గు గనిలో ఊరే నీళ్లు తోడడానికి. అది ఎంత బొగ్గు తినేదంటే, గని ఒడ్డున తప్ప ఇంకోచోట పెడితే గిట్టుబాటు అయ్యేది కాదు. నీళ్లు తోడితే ఇంకా లోతుకు పోవచ్చు. లోతుకు పోతే మంటలంటుకునే గాలి, దాన్ని అంటించకుండా వెలిగే దీపాన్ని 1815లో హంఫ్రీ డేవీ చేశాడు. బయటికొచ్చిన బొగ్గును మోయడానికి పట్టాలు. 1825 నాటి స్టాక్టన్-డార్లింగ్టన్ రైలుమార్గం వేసింది ముఖ్యంగా బొగ్గు కోసమే. మన దక్షిణాదిలో 1902లో కావేరి మీద శివనసముద్రంలో పుట్టిన కరెంటు ముందుగా వెళ్లింది కోలారు బంగారు గనులకు. బెంగళూరు వీధుల్లో ఆ దీపాలు వెలిగింది 1905లో. మరి కథల్లో మాయ రాయి దొరికీ దొరకగానే రాజమందిరం ఎలా వెలుగుతుంది? ముందు గని నోరు వెలగాలి. మొదటి ఎగిరే ఓడ యువరాణిని ఊరేగించే ముందు ఖనిజాన్ని లోయ దాటించాలి.

అధికారం సంగతీ అంతే. లోకమంతా ఒకే ఖనిజం మీద నడుస్తుంటే, దాన్ని తవ్వేవాళ్లు మూడు రోజులు ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది? 1974లో బ్రిటన్‌లో బొగ్గు కార్మికుల గొడవ ముదిరి, ప్రభుత్వం ఫ్యాక్టరీలకు వారానికి మూడు రోజులే కరెంటు ఇచ్చింది. ఎన్నికలు పెట్టిన ప్రధాని ఎడ్వర్డ్ హీత్ గద్దె దిగాల్సి వచ్చింది. మనకైతే అంత దూరం వెళ్లక్కర్లేదు. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పని ఆపితే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు మొదలయ్యాయి. తట్టా గడ్డపారా పట్టినవాడి చేతిలో రాజధాని దీపాలున్నాయని అప్పుడు అందరికీ తెలిసింది. మాయ ఖనిజం రాజ్యాల్లో తిరుగుబాటు చేసేది ఎప్పుడూ వారసత్వం పోయిన రాకుమారుడే. కార్మికులకు దీపాలిచ్చే ల్యాంప్ రూము గుమాస్తా, కప్పు తట్టే టింబర్‌మన్ కలిసి ఒక ఉదయం గని గేటుకు తాళం వేస్తే ఏమవుతుందో చెప్పే కథ కావాలి నాకు.

వకాండా అభిమానులు ఇక్కడ నాతో వాదిస్తారు. మార్వెల్ కామిక్స్‌లో వకాండా 1966లో వచ్చింది, 2018 సినిమాతో ప్రపంచమంతా తెలిసింది. వైబ్రేనియం అనే లోహం ఉన్న ఆఫ్రికా దేశం, ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలియకుండా దాచుకుంటుంది. ఆ దాచుకోవడంలో చాలా నిజాయితీ ఉంది. ఖనిజం ఉందని తెలిసిన ఆఫ్రికా దేశాలకు ఏం జరిగిందో తెలిసినవాళ్లు చేసిన ఊహ అది. కాంగోలోని షింకోలోబ్వే గనిని చూడండి. అప్పట్లో అది బెల్జియం వలస. అక్కడి ఖనిజాన్ని మొదట తవ్వింది రేడియం కోసం, యురేనియం దాదాపు మిగులు సరుకు. 1940లో దాన్ని తవ్వే కంపెనీ అధిపతి ఎడ్గార్ సెంజియే వెయ్యి టన్నులకు పైగా ఖనిజాన్ని న్యూయార్క్ పక్కన స్టేటన్ ఐలండ్‌కు పంపించి ఉంచాడు. అమెరికా అణుబాంబు తయారీకి యురేనియం చాలావరకు ఈ గనిదే. ప్రపంచంలో అంత నాణ్యమైన యురేనియం మరెక్కడా దొరకలేదు. దాన్ని చేతులతో ఎత్తి, ఏరి, గోనెసంచుల్లో నింపిన కాంగో కూలీల పేర్లు బాంబు చరిత్రలో వెతికినా దొరకవు. వకాండా ఊహను నేను గౌరవిస్తాను. అయినా ఆ సినిమాలో గని ఉంది, అందులో దూసుకుపోయే రైళ్లున్నాయి, గనిలో పనిచేసేవాళ్ల కథ మాత్రం లేదు. వలస రాని దేశంలో తవ్వేవాడి బతుకు ఎలా ఉండేదో చూపించే అవకాశం అంతకంటే బాగా ఎవరికి దొరుకుతుంది?

ఇవన్నీ చెబితే ఒక మిత్రుడు అడిగాడు: "రోజూ ఆఫీసు టెన్షన్‌తో చస్తున్నాం, కాసేపు ఎగిరే ఓడలు చూద్దామని కథ తెరిస్తే అక్కడ కూడా దగ్గే కార్మికుల్ని చూపిస్తావా?" అడగాల్సిన ప్రశ్నే. నేనూ అలిసిపోయిన రాత్రులు ఎగిరే ఓడల కోసమే పుస్తకం తెరుస్తాను. కానీ షెడ్డులో చీకట్లో వెలిగే గాజు గొట్టాల దృశ్యాన్ని గుర్తుచేసుకోండి. ఆ వెనకాల గోనెసంచులు, ఇనప కడ్డీ, టన్నుల గుజ్జు ఉన్నాయని తెలిశాక ఆ వెలుగు మీకు తగ్గిందా, పెరిగిందా? నాకు పెరిగింది. ఊరికే వచ్చిన వెలుగును పేజీ తిప్పగానే మర్చిపోతాను. ఖరీదు తెలిసిన వెలుగు వెంట వస్తుంది. పైగా కార్మికుడు అంటే ఏడుపొక్కటే అనుకోవడం గనులు తెలియనివాళ్ల పొరపాటు. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల పరాచికాలు, బాయి లోపల పంచుకునే టిఫిన్ డబ్బాలు, బోనస్ రోజు బజారు, చప్పుడు విని కప్పు సంగతి చెప్పగల చెవి, ఇవన్నీ కథకు పనికొచ్చే సరుకే. కత్తిసాము నేర్చుకునే ఘట్టాలు ఎన్ని చదవలేదు? కప్పు వినడం నేర్చుకునే పిల్లాడి ఘట్టం ఒక్కటి రాసి చూడండి.

ఇంకో ప్రశ్న కూడా ఈ కథల్లో కనబడదు: అసలు తవ్వాలా? ఖనిజం ఉందని తెలిసిన క్షణం నుంచి తవ్వకం ఖాయమైనట్టే కథ నడుస్తుంది. ఎవరు తవ్వాలన్నదే తగువు. నల్లమలలో యురేనియం అన్వేషణకు అనుమతుల మాట వచ్చినప్పుడు, 2019లో, అక్కడి చెంచులు, ఊళ్లవాళ్లు వద్దన్నారు. సేవ్ నల్లమల అంటూ రెండు రాష్ట్రాల్లోనూ జనం గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అదే యురేనియాన్ని కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతూనే ఉన్నారు. ఒకచోట వద్దన్నారు, ఒకచోట గని నడుస్తోంది, రెండుచోట్లా తెలుగువాళ్లే. ఫాంటసీ రాసే తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి ముడిసరుకు లేదు. కొండ కింద నీలి రాయి ఉందని తెలిసిన ఒక గూడెం, దాన్ని చూసి, చేత్తో పట్టుకుని, వెలుగు ఎంత బాగుందో ఒప్పుకుని, తిరిగి మట్టి కప్పేయాలా వద్దా అని రాత్రంతా కూర్చుని వాదించుకునే కథను నేను ఇంకా ఎక్కడా చదవలేదు. ఎవరైనా రాసి ఉంటే లింకు పంపండి.